పొలానికి లెక్క ఉంది, మిద్దెకు లేదు

అనంతపురం మెట్టలో కుంపిణీ కాలం నాటి రైతు ఇళ్ళు ఒక్కొక్కటే నేలకొరుగుతున్నాయి. వాటిని కొలిచి, గీసి, రాసి పెట్టుకోవాల్సిన సమయం ఇదే.

1802లో దత్తమండలాల చేలల్లోకి ఒక గొలుసు దిగింది. పొడవు 33 అడుగులు. నిలువుకు ఒక గొలుసు, అడ్డానికి ఒక గొలుసు వేస్తే ఒక చదరం. అలాంటి చదరాలు నలభై కలిస్తే ఎకరా. అంతకు రెండేళ్ళ ముందు, 1800లో, నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో కచేరీ పెట్టాడు. డేరాలు వేసుకుంటూ ఊరూరా తిరిగాడు, భూమిని కొలిపించాడు. 1807లో ఆయన వెళ్ళిపోయే నాటికి ఏ చేను ఎవరిది, ఎంత విస్తీర్ణం, ఏ తరం నేల, ఎంత శిస్తు అన్నదంతా కాగితమెక్కింది. మధ్యలో కొన్నేళ్ళు పక్కన పెట్టినా, 1820లో మన్రో మద్రాసు గవర్నరు అయ్యాక రైత్వారీ పద్ధతి మళ్ళీ వచ్చి స్థిరపడింది. జమీందారు ప్రమేయం లేకుండా రైతే సర్కారుకు నేరుగా శిస్తు కట్టేవాడు.

చేనుకు చేను కొలుచుకుంటూ వచ్చిన ఆ లెక్క ఇళ్ళ దగ్గర ఆగిపోయింది. ఊరు కూర్చున్న నేలనంతా గ్రామకంఠం అని ఒక్క ముక్కగా చూపించి వదిలేశారు. శిస్తు రాలని చోటును కొలిస్తే సర్కారుకు ఏమొస్తుంది? అందుకే ఈ జిల్లాలో ఏ పాత రైతు కుటుంబాన్ని అడిగినా చేనికి సర్వే నంబరు చెబుతారు, అడంగల్ చూపిస్తారు, ఒకప్పటి డైగ్లాట్ అనే భూమి రిజిస్టరులో ఎవరి పేరుందో కూడా చెబుతారు. తాత ముత్తాతలు పుట్టిన మిద్దె ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ ఉండదు. కాగితం లేనప్పుడు ఇల్లే కాగితం. గోడ, దూలం, కప్పు చదివి తెలుసుకోవాలి. ఆ ఇల్లే కూలిపోతే చదవడానికి ఏమీ మిగలదు.

తెల్లదొరల కాలం కట్టడాలు అనగానే మనకు కలెక్టరు బంగళా, చర్చి, రైల్వే స్టేషను, ట్రావెలర్స్ బంగళా గుర్తొస్తాయి. వాటికి ఫొటోలున్నాయి, ఫైళ్ళున్నాయి. కానీ ఆ బంగళాలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? శిస్తు నుంచి. ఆ శిస్తు కట్టిన ఇల్లు ఈ మిద్దె. వలస పాలన చరిత్రలో సగం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ సగాన్ని మనం ఇంతవరకు చరిత్రగా లెక్కపెట్టలేదు.

కప్పు కథ

అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి మేఘాలు ఇక్కడికొచ్చేసరికి వట్టిపోతాయి. ఈశాన్య రుతుపవనాలకు తేమనిచ్చే బంగాళాఖాతం ఇక్కడికి దూరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. ఏపుగా పెరిగే కలప చెట్లు తక్కువ, రాయి మాత్రం కావలసినంత. ఎటు చూసినా గుట్టలు, గుండ్లు. ఇక్కడి ఇల్లు ఈ లెక్కలోంచే పుట్టింది. గోడకు రాయి, రాయిని కలపడానికి బురద, పైకప్పుకు కూడా మట్టే. గోడ మందం రెండడుగులకు తగ్గదు, కొన్నిచోట్ల మూడు. కోస్తాలోలా వాన జారిపోయేందుకు ఏటవాలు కప్పులు కట్టాల్సిన అవసరం ఇక్కడ రాలేదు. చదునుగా కప్పేసి, ఆ చదునును రెండో వాకిలిగా వాడుకున్నారు. శెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు అక్కడే ఎండేవి. ఎండాకాలం రాత్రుళ్ళు పడకలూ అక్కడే.

మట్టి మిద్దె ఎలా కట్టారో తెలుసుకోవాలంటే ఒక మూల కూలిన ఇంటికి వెళ్ళాలి. శింగనమల వైపు ఒక ఊళ్ళో అలాంటిది చూశాను. విరిగిన అంచు దగ్గర పొరలన్నీ బయటపడి ఉన్నాయి. అన్నిటికంటే కింద దూలం, చేత్తో చెక్కిన గొడ్డలి గాట్లు ఇంకా దాని మీద కనబడుతున్నాయి. దూలం మీద జానెడు ఎడంతో దంతెలు. దంతెల మీద అడ్డంగా, ఒకదానికొకటి ఆనించి పేర్చిన సన్నని కట్టెలు. వాటి మీద ఆకు, గడ్డి పరిచిన పొర, నల్లగా మాగి పొగాకు రంగుకు తిరిగింది. ఆ పైన తొక్కి గట్టిచేసిన ఎర్రమట్టి. అన్నిటికంటే పైన బూడిద రంగులో, చేత్తో తాకితే పిండిలా అంటుకునే పొర. అదే చౌడు.

మిద్దె ప్రాణమంతా ఈ చౌడులోనే ఉంది. పొలంలో చౌడు పడిందంటే రైతు గుండె జారుతుంది. నీరు ఇంకదు, వేరు దిగదు, పైరు పసుపెక్కిపోతుంది. ఆ మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే సన్నని బంక రేణువులు విడిపోయి, ఉబ్బి, సందుల్లోకి దూరి వాటిని మూసేస్తాయి. చేనుకు చేటయిన ఆ గుణమే కప్పుకు మేలయింది. తొలి చినుకులకే పైపొర మూసుకుపోయి, తర్వాతి వాన వాలు వెంట జారి దోనెలోంచి బయటికి పడిపోతుంది. చాకలివాళ్ళు బట్టలు ఉతకడానికి వాడిన మట్టీ ఇదే. పైరుకు పనికిరాని నేలతో బట్ట ఉతుక్కున్నారు, నెత్తిమీద కప్పు వేసుకున్నారు. ఏ కళాశాలా చెప్పని మట్టి శాస్త్రం ఇది.

అయితే చౌడు ఒకసారి వేసి మరిచిపోయేది కాదు. శింగనమల వైపు నేను చూసిన ఆ ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుని చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"ఉగాది పోతానే బండ్లు కడ్తాంటిమి నాయనా. పది బండ్లు, పదైదు బండ్లు చౌడు తోల్తాంటిమి. పాతది గీకి, కొత్తది పోసి, దిమ్మిసతో కొట్టాల. గీకకుండా పోసుకుంట పోతే బరువెక్కి దూలం ఇరుగుతాది. ఇప్పుడు బండీ లేదు, ఎద్దులూ లేవు, ఎక్కేదానికి నాకు మోకాళ్ళూ లేవు."

"మరి గీకడం ఎంత లోతుకో ఎట్ల తెలుస్తుంది తాతా?"

"పార తగిల్తే సప్పుడు మారతాది. మన్ను సప్పుడు వేరే, చౌడు సప్పుడు వేరే."

ఆయన చెప్పిన బరువు సంగతి లెక్క కట్టి చూడండి. అడుగు మందం మట్టి ఉంటే చదరపు అడుగుకు నలభై అయిదు కిలోల దాకా పడుతుంది. పదడుగులకు పన్నెండడుగుల చిన్న గది మీద అయిదు టన్నుల పైమాట. నాలుగు రోజులు ముసురు పట్టి అది తడిసిందంటే ఇంకా బరువు. అంత బరువు కింద తరతరాలు నిద్రపోయారంటే పార చప్పుడు గుర్తుపట్టగలిగిన మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారన్నమాట. ఇంటి కొలతలు తీసుకునేవాళ్ళు గోడ మందం రాసుకుంటారు, దూలం పొడవు రాసుకుంటారు. ఈ చప్పుడు సంగతి రాసుకోకపోతే ఆ కొలతలతో మళ్ళీ మిద్దె కట్టలేం.

లోపలికి

ద్వారబంధం దగ్గర తల వంచాలి. తలుపు ఎత్తు కావాలనే తక్కువ. మన్రో ఈ సీమకు వచ్చేనాటికి ఇక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్ళున్నారు. దోపిళ్ళు, దండయాత్రలు ఊళ్ళకు అలవాటైన కాలం. ఇప్పటికీ చాలా ఊళ్ళ మధ్య నిలబడి ఉన్న బురుజు ఆ కాలానిదే. బురుజు ఊరికి చేసిన పనే తలుపు ఇంటికి చేసింది. తలుపు వెనక గోడలోకి జరిగే అడ్డగడియ, వీధి వైపు కిటికీ లేకపోవడం, ఉన్నా పైన ఎక్కడో చిన్న కంత. వెలుతురు కావాలంటే కప్పులోంచే రావాలి. దానికి గవాచి ఉంది. కప్పులో గుండ్రంగా వదిలిన రంధ్రం, వాన వస్తే మీద బాన బోర్లిస్తారు. పొయ్యి పొగ అందులోంచే పోతుంది. ఎండ పొడ అందులోంచే దిగి, గంటగంటకూ గచ్చు మీద జరుగుతూ పొద్దు ఎంతైందో చెబుతుంది. ఆ పొగే దంతెలకు చెదలు పట్టకుండా కాపాడింది. ఊళ్ళోకి గ్యాసు పొయ్యి వచ్చి, గవాచికి సిమెంటు పెట్టి మూసేశాక పాత కలపను చెదపురుగు తినడం మొదలైందని ముసలివాళ్ళు అంటారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురయ్యేది మనుషుల చోటు కాదు, ఎద్దుల గాడి. పశువులకు పల్లంగా కొంత, మనుషులకు మెరకగా కొంత, పైన ఒకటే కప్పు. ఎద్దు పోతే సేద్యం పోతుంది, సేద్యం పోతే శిస్తు కట్టలేక చేను పోతుంది. అందుకే దాన్ని గడప లోపల కట్టేసుకున్నారు. 1905లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజిటీర్‌లో ఈ సీమ పంటలు, కరువులు, బావుల వివరాలు దొరుకుతాయి. ఆ లెక్కల వెనకున్న మనుషులు, పశువులు ఒకే గాలి పీల్చి బతికిన తీరు ఈ గాడి దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఇక పాతర. వాకిట్లోనో, ఇంటి ముందు వీధిలోనో నేలలోకి తవ్విన గొయ్యి. నోరు ఇరుకు, కడుపు వెడల్పు. అడుగునా అంచులకూ గడ్డి పరిచి, జొన్నలు నింపి, బండ మూసి, మట్టితో మెత్తేవాళ్ళు. గాలి చొరబడదు కాబట్టి పురుగు బతకదు, గింజ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తెరిచిన వెంటనే దిగితే మనిషీ బతకడు. అందుకే మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దింపి చూసి, అది ఆరకపోతేనే దిగేవాళ్ళు. పంట వచ్చే ఏడు కంటే రాని ఏడును తలుచుకుని కట్టిన ఇల్లు ఇది. దానికి పాతరకు మించిన సాక్ష్యం లేదు.

ఆ రాని ఏళ్ళలో ఘోరమైనది 1876-78 కరువు. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలోనే ఉంది. విడిగా జిల్లా అయింది 1882లో. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య బళ్ళారి జిల్లా జనాభా దాదాపు అయిదో వంతు తరిగిపోయింది. కరువు పనులకు వచ్చిన కూలీలకు రోజుకు పౌను ధాన్యం చాలునని, కరువు పర్యవేక్షణకు సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కూలి తగ్గించిన సంగతి చరిత్రలో ఉంది. ఆ రెండేళ్ళలో ఏ ఇంటి పాతర నిండుగా ఉంది, ఏ ఇంటిది ముందే ఖాళీ అయింది, ఎవరు ఎవరికి గింజ పెట్టారు, ఎవరి చేను గింజకు చేతులు మారింది? ఇవన్నీ ఊళ్ళల్లో ఇంకా ఇంటి కథలుగానే ఉన్నాయి. పాతర ఎక్కడుందో గుర్తించి, దాని లోతు, వెడల్పు కొలిస్తే ఆ ఇంట్లో ఎన్ని నెలల తిండి ఉండేదో లెక్క తేల్చవచ్చు. కథ పక్కన కొలత పెట్టి చూసే అవకాశం అది.

ఇంటి వయసు

మిద్దె ఎప్పటిదో తేల్చడం కష్టమే, అసాధ్యం కాదు. రైలు బాగా పనికొస్తుంది. మద్రాసు నుంచి బొంబాయికి వెళ్ళే దారి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా 1871 నాటికి కలిసిపోయింది. ఆ తర్వాత ఇళ్ళల్లోకి వచ్చిన వస్తువులు చూడండి. దూరం నుంచి దిగిన టేకు, మంగళూరు పెంకు, ఇనుప దూలాలు. కొన్నిచోట్ల పాత రైలు పట్టాలనే దూలాలుగా వేసుకున్నారు. కట్టె దూలాలున్న గది పాతది, పట్టా దూలమున్న గది తర్వాతిది. ఇంట్లో ఒక్కో గదికి ఒక్కో వయసు.

పెంకుల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. బాసెల్ మిషన్ పెంకు తిరగేస్తే దాని మీద 1865 అని అచ్చు కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఇల్లు 1865లో కట్టారని సంబరపడతారు. కానీ అది మంగళూరులో ఆ మిషన్ పెంకుల కార్ఖానా మొదలైన సంవత్సరం. పెంకు ఆ తర్వాత ఎన్నేళ్ళకైనా అచ్చులోంచి వచ్చి ఉండవచ్చు.

తాడిపత్రి బండ కూడా ఇలాంటి సాక్షే. పొరలు పొరలుగా ఊడివచ్చే ఆ నల్ల సున్నపురాయిని కట్టెలకు బదులు కప్పుకు వేసుకున్న మిద్దెలు ఆ వైపు ఎక్కువ. నైరుతికి, మడకశిర వైపు వెళ్ళేకొద్దీ గ్రానైటు గట్టిపడుతుంది. అక్కడ రాతి కంబాలు నిలువెత్తున నిలబడతాయి. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న సీమలోనే ఇంటి వ్యాకరణం మారిపోతుంది. ఎక్కడ మారుతుందో, ఏ ఊరి దగ్గర బండ ఆగి కట్టె మొదలవుతుందో చూపే పటం ఒకటి గీస్తే ఎంత బాగుంటుంది! భూగర్భ పటం పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకదానికొకటి అతికినట్టు ఉంటాయనుకుంటాను.

మిద్దె గురించి రాసేటప్పుడు మరిచిపోకూడనిది, మరిచిపోతే అబద్ధమయ్యేది ఇంకొకటి ఉంది. ఈ ఇల్లు అందరిదీ కాదు. చేను, కాడి ఉన్న రైతుది. గుట్ట మీద రాయి పగలగొట్టి తెచ్చింది వడ్డెవాళ్ళు. చౌడు తవ్వి, తట్టలతో నిచ్చెనెక్కి పోసింది కూలీలు. వాళ్ళలో చాలామంది బోద కొట్టాల్లో ఉన్నారు. ఆ కొట్టాల ఆనవాలు కూడా లేదు. మిద్దె వాకిలి దాకా రానిచ్చి, గడప దాటనివ్వని మనుషులున్నారు. ఎవరు ఎక్కడిదాకా రావచ్చో ప్రతి మిద్దెకూ ఒక గీత ఉండేది. నక్షా గీసేవాళ్ళు ఆ గీతను కూడా గీయాలి. ఇంటివాళ్ళను అడిగినంత శ్రద్ధగా, ఆ ఇంటికి పని చేసినవాళ్ళను అడగాలి. ఎన్నోసార్లు ఇంటి గురించి ఎక్కువ తెలిసింది వాళ్ళకే.

కూలిపోతున్నవాటిని అలాగే నిలబెట్టి కాపురం చేయమని ఎవరికీ చెప్పలేం. వానలకు మట్టి మిద్దె కూలి నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు ఈ జిల్లా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. చౌడు తోలడానికి మనుషులు లేరు, పిల్లలు బెంగళూరులో ఉన్నారు, ఇంటి పథకాల డబ్బు సిమెంటు కప్పుకే వస్తుంది. పడగొట్టుకుంటే తప్పుపట్టడానికి మనమెవరం? పడగొట్టే ముందు రెండు రోజులు ఇవ్వమని అడగొచ్చు. తలుపులు, కంబాలు, దూలాలు పాత సామాను కొనేవాళ్ళకు ఎటూ రేటు కట్టి పోతున్నాయి. వాటి కొలత, వాటి చోటు, వాటి ఫొటో ఊళ్ళో మిగలాలి.

ఇది ఎక్కడా జరగని పని కాదు. అమెరికాలో ఆర్థిక మాంద్యం ముదిరిన 1933లో నేషనల్ పార్క్ సర్వీసులో పనిచేసే చార్లెస్ పీటర్సన్ ఒక ప్రతిపాదన రాశాడు. పని లేక ఇంట్లో కూర్చున్న వెయ్యి మంది ఆర్కిటెక్టులకు పది వారాల కూలి ఇచ్చి, దేశంలోని పాత కట్టడాలను కొలిపించి గీయించమన్నాడు. పెద్ద భవనాలే కాదు, పల్లె ఇళ్ళు, కళ్ళాల దగ్గరి కొట్టాలు కూడా. హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే అలా మొదలైంది. ఆ నక్షాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇప్పటికీ ఎవరైనా చూడవచ్చు. గీసిన ఇళ్ళల్లో ఎన్నో తర్వాత పోయాయి, గీతలు ఉన్నాయి.

కరువు పనిగా మొదలైన సర్వే అది. కరువు పనులు అనంతపురానికి నేర్పక్కర్లేదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే ఇక్కడ, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. చెరువు పూడిక తీసిన చేతులకు పాత ఇంటి గోడలు తుడిచి, టేపు పట్టి, ఎవరి గది ఏదో చెప్పే పని కష్టం కాదు. నక్షా గీయడానికి 1940ల నుంచి ఇంజనీర్లను తయారు చేస్తున్న కాలేజీ అనంతపురంలోనే ఉంది, ఇప్పుడది జేఎన్‌టీయూ. గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లు, ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు.

గ్రామకంఠాన్ని కొలవడం కూడా ఇప్పుడు మొదలైంది. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం ప్రకటించాక ఊళ్ళ మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. మన్రో గొలుసు ఆగిన చోటికి రెండు శతాబ్దాల తర్వాత కొలత వచ్చింది. ఇంటి యజమానికి హక్కు కాగితం రావడం మంచిదే, ఎప్పుడో రావాల్సింది. కానీ డ్రోనుకు కనిపించేది కప్పు అంచు ఒక్కటే. కప్పు కింద దంతెలెన్నో, పాతర ఎక్కడుందో, గాడి ఏ వైపో దానికి తెలియదు. ఎలాగూ ఆ ఇంటి ముందుకు సర్వేయరు వస్తున్నాడు. అరపూట ఎక్కువసేపు ఉండి, లోపలికి వెళ్ళి, గోడ మందం, గదుల వరస, దూలాల సంఖ్య, కప్పు పొరలు రాసుకునేలా ఒక పేజీ ఫారం కలిపితే చాలు. వానకు ముందు, చైత్ర వైశాఖాల్లో ఈ పని జరగాలి, అప్పుడే మిద్దె ఎక్కడానికి వీలు. మొదట వెళ్ళాల్సింది చౌడు తోలిన చేతులు ఇంకా బతికి ఉన్న ఇళ్ళకు. వాళ్ళల్లో చాలామందికి ఎనభై దాటాయి.